మెర్జ్‌బీట్: రొద లోపలి దరువు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మెర్జ్‌బీట్ అనే ఈ ఆల్బమ్‌ను ఎవరికి వినిపించినా నాకు దాదాపు అవే సందేహాలు ఎదురవుతున్నాయి. మొట్టమొదటిది ఎప్పుడూ "స్పీకర్ బాగానే ఉందా?" అన్నదే. ఆ సందేహాలను అడిగినవారి మాటల్లోనే ఉంచి, ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకున్నా సరిపోయేలా రాశాను. కొన్నింటికి రెండు ముక్కల్లో జవాబు చెప్పగలిగాను, కొన్నింటికి చాలా దూరం వెళ్ళవలసి వచ్చింది.

## వినడానికి ముందు

అసలు ఇది ఏ ఆల్బమ్? ఎవరిది, ఎప్పటిది?

టోక్యోలో 1956లో పుట్టిన మసామి అకితా 'మెర్జ్‌బో' అనే పేరుతో 1979 నుంచి నాయిస్ సంగీతం, అంటే రొదనే ముడిసరుకుగా వాడే సంగీతం చేస్తున్నారు. ఆయన ఆల్బమ్‌లలో 'మెర్జ్‌బీట్' ఒకటి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన ఇంపార్టెంట్ రికార్డ్స్ అనే చిన్న సంస్థ దీన్ని 2002లో సీడీగా విడుదల చేసింది. 'ప్రమోషన్ మ్యాన్', 'ఫర్‌గాటెన్ ల్యాండ్' వంటి పేర్లున్న రచనలు ఇందులో ఉన్నాయి. వాటిని పాటలని పిలవడానికి నాకు మనసొప్పదు, ఎందుకంటే పల్లవి, చరణం అనదగినవేవీ ఇందులో లేవు. తెరలు తెరలుగా హోరు వినిపించడమే మెర్జ్‌బో లక్షణమని అప్పటివరకు అనుకున్న శ్రోతలకు, స్పష్టంగా తిరిగి తిరిగి వచ్చే దరువు వినిపించడమే ఈ ఆల్బమ్ ప్రత్యేకత. పేరులోనే 'బీట్' అని చెప్పుకొని మరీ వచ్చింది.

మెర్జ్‌బో అంటే బ్యాండా, మనిషా? ఆ పేరుకు అర్థం ఏమిటి?

ప్రధానంగా ఒక్క మనిషే. తొలి రోజుల్లో కియోషి మిజుతాని వంటి సహచరులు ఉన్నారు, తర్వాత కూడా అకితా ఎందరితోనో కలిసి పనిచేశారు, కానీ పేరు వెనుక నిలిచినది మాత్రం ఆయనే. ఆ పేరు జర్మన్ కళాకారుడు కుర్ట్ ష్విట్టర్స్ నుంచి వచ్చింది. ష్విట్టర్స్ హనోవర్‌లోని తన ఇంట్లో చెక్క ముక్కలు, సున్నం, వీధిలో దొరికిన పనికిరాని వస్తువులతో గదులకు గదులనే ఒక శిల్పంగా మార్చి దానికి 'మెర్ట్స్‌బౌ' అని పేరు పెట్టారు. 1943లో జరిగిన బాంబు దాడిలో అది ధ్వంసమైంది. 'మెర్ట్స్' అనేది అర్థమున్న మాట కాదు. ఒక బ్యాంకు పేరు అచ్చయిన కాగితాన్ని కత్తిరించినప్పుడు 'కొమెర్ట్స్' అనే మాటలో మిగిలిన తునక అది. చిత్రకళ చదువుకున్న అకితాకు ఈ పద్ధతి నచ్చింది. చెత్తను శుభ్రం చేసి అందంగా మార్చడం కాకుండా, చెత్తను చెత్తగానే ఉంచి దానితో కట్టడం కట్టడమే ఈ పద్ధతి సారం. మెర్జ్‌బీట్‌లోనూ ఎక్కడో కత్తిరించిన ధ్వని తునకలనే పదే పదే పేర్చి కట్టారు.

ఇండస్ట్రియల్ అంటే ఫ్యాక్టరీ చప్పుళ్ళా? నాయిస్ అంటే వేరా?

ఇండస్ట్రియల్ అనే సంగీత శైలి పేరు ఒక రికార్డు సంస్థ పేరు నుంచి పుట్టింది. బ్రిటన్‌కు చెందిన థ్రాబింగ్ గ్రిసిల్ అనే బృందం 1976లో ఇండస్ట్రియల్ రికార్డ్స్ అనే సంస్థను నెలకొల్పింది. యంత్రాల మోత, టేపు తునకలు, భయపెట్టే గొంతులు, మొండిగా ఒకే తీరున సాగే దరువు ఆ శైలి ముద్రలయ్యాయి. బెర్లిన్‌లో 1980లో మొదలైన ఐన్‌స్టుర్ట్‌సెండె నొయ్‌బౌటెన్ నిజంగానే ఇనుప రేకులను, డ్రిల్లింగ్ యంత్రాలను వేదిక మీదకు తెచ్చింది. నాయిస్ దీనికి పక్క వీధి వంటిది. అక్కడ దరువు, మాట, సందేశం అన్నీ తొలగిపోయి ధ్వని పదార్థం ఒక్కటే మిగులుతుంది. ఈ రెండింటి మధ్య గీత కచ్చితంగా గీయడం కష్టం. మెర్జ్‌బీట్ నాయిస్ వైపు నుంచి బయలుదేరి ఇండస్ట్రియల్ దరువు వైపు నడిచిన ఆల్బమ్ కాబట్టి రెండు పేర్లూ దానికి అతుకుతాయి.

నాయిస్‌లో జపాన్ పేరే ఎందుకు ఇంతగా వినిపిస్తుంది?

రొదను సంగీతంగా మొదట తలపెట్టినది జపాన్ కాదు. ఇటలీ చిత్రకారుడు లూయిజి రుస్సోలో 1913లోనే నగరపు చప్పుళ్ళు కొత్త సంగీతానికి ముడిసరుకు కావాలని ప్రకటన రాసి, గర్జించే పెట్టెలను తయారు చేశారు. అయితే 1970ల చివరలో జపాన్‌లో అనేక విషయాలు ఒకే చోట కలిశాయి. నోరెత్తకుండా కూర్చుని పెద్ద స్పీకర్లలో రికార్డులు వినే జాజ్ కాఫీ దుకాణాలు అక్కడ ఏనాటి నుంచో ఉన్నాయి. అరుదైన విదేశీ రికార్డులు దొరికే దుకాణాలూ ఉన్నాయి. క్యోటోలో 1979లో హిజోకైదాన్ మొదలైంది. దాని సారథి జోజో హిరోషిగె 1984లో ఆల్కెమీ రికార్డ్స్ నెలకొల్పారు. ఇన్‌కపాసిటాంట్స్ స్థాపకుడు తోషిజి మికావా పగలు బ్యాంకు ఉద్యోగి. ఇలా ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రి చెవులు చిల్లులు పడేలా వాయించినవారి గురించి విన్నప్పుడు, అదంతా అరాచకం అనుకునేవారి ఊహ కొంత సర్దుకుంటుంది. అకితా కూడా మొదట్లో తన సొంత లేబుల్ పేరిట క్యాసెట్లకు జిరాక్స్ కొలాజ్‌ల అట్టలు వేసి, పోస్టులో దేశదేశాలకు పంపుతూ పరిచయాలు పెంచుకున్నారు. ఆ క్యాసెట్లు అందుకున్న విదేశీ శ్రోతలే తర్వాత ఈ ధ్వనులన్నింటినీ కలిపి ఒక 'జపాన్ శైలి'గా చెప్పుకోవడం మొదలుపెట్టారు.

ఇంకొక చిన్న సంగతి. ఇరుగుపొరుగును ఇబ్బంది పెట్టే మోతకు జపనీస్ భాషలో 'సోఒన్' అనే మాట ఉంది. ఈ సంగీతాన్ని మాత్రం ఆంగ్లం నుంచి తెచ్చుకున్న 'నోయిజు' అనే మాటతోనే పిలుస్తారు. ఒకటి ఫిర్యాదు చేయవలసినది, రెండవది టికెట్టు కొని వినేది.

## మొదటిసారి వింటున్నప్పుడు

ఇది నిజంగా సంగీతమేనా, ఏదో గోలా?

రెండూ కావచ్చు. స్వరాల వరుస ఉంటేనే సంగీతమని మీరు నిర్ణయించుకుంటే ఇది సంగీతం కాదు, ఆ నిర్ణయాన్ని మార్చడానికి నేను వాదించను. కానీ ఒకరు కూర్చుని, ధ్వనులను ఎంచి, వాటికి మొదలు, తుది, ఎత్తు, పల్లం ఏర్పరచి, మనం శ్రద్ధగా వినాలని మన ముందు ఉంచారు. వీధిలోని గోలకు ఈ ఉద్దేశం లేదు. ఐదు నిమిషాలు విన్న తర్వాత 'తర్వాత ఏమవుతుంది?' అనే ఎదురుచూపు మీలో కలిగిందా లేదా అన్నది నాకు పేరు కంటే ముఖ్యమైన పరీక్ష. మెర్జ్‌బీట్‌లో ఆ ఎదురుచూపును పుట్టించేది దరువే. మరుసటి దెబ్బ ఎప్పుడు పడుతుందో చెవికి ముందే తెలుస్తుంది, అది ఏ రంగులో పడుతుందో మాత్రం తెలియదు.

నా ఇయర్‌ఫోన్ పోయిందా, ఫైల్ పాడైందా?

చాలామటుకు రెండూ కాదు. నేను కూడా మొదటిసారి ఇయర్‌ఫోన్ పాడైందనుకుని మరొకటి తెచ్చుకుని పెట్టుకున్నాను. అందులోనూ అదే బరబర వినిపించాక గానీ అది రికార్డులోనే ఉందని అర్థం కాలేదు. మీరు వింటున్నది డిస్టార్షన్. ఒక ధ్వని తరంగాన్ని పరికరం మోయగలిగిన హద్దుకు మించి పెంచితే తరంగపు శిఖరాలు కత్తితో కోసినట్టు చదునవుతాయి. అలా చదునైన తరంగంలో మొదట లేని పై స్థాయి కంపనాలు పుట్టుకొస్తాయి. మామూలు రికార్డింగులో దీన్ని లోపంగా చూసి తప్పిస్తారు, ఇక్కడ దాన్నే వాద్యంగా వాడారు. నిజంగా అనుమానం ఉంటే మీకు బాగా తెలిసిన ఒక పాత సినిమా పాటను అదే పరికరంలో వినండి. గొంతు శుభ్రంగా వినిపిస్తే పరికరం బాగానే ఉన్నట్టు.

ఎంత సౌండ్ పెట్టుకుని వినాలి? గట్టిగా వింటేనే అసలు మజా అంటారు కదా?

ఈ విషయంలో మాత్రం నేను మొహమాటం లేకుండా చెబుతాను. గట్టిగా వినడం వీరత్వం కాదు, చెవి లోపలి సూక్ష్మ రోమ కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్ళీ పుట్టవు. పని చేసే చోట్ల చెవుల రక్షణకు అమెరికా సంస్థలు సూచించే ఒక లెక్క ఉంది. దాని ప్రకారం 85 డెసిబెల్స్ వద్ద రోజుకు 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు కాలం సగమవుతుంది. 94 వద్ద 1 గంట, 100 వద్ద 15 నిమిషాలు మాత్రమే. మామూలు సంగీతంలో గట్టి భాగాల మధ్య నెమ్మది భాగాలు వస్తాయి కనుక చెవికి ఊపిరాడుతుంది. ఈ ఆల్బమ్‌లో ధ్వని చాలాసేపు ఒకే ఎత్తులో నిలిచి ఉంటుంది, అందువల్ల అదే వాల్యూమ్ గుర్తు వద్ద కూడా చెవి మీద పడే భారం ఎక్కువ.

మీరు మామూలుగా పాటలు వినే స్థాయి కంటే రెండు మెట్లు తగ్గించి మొదలుపెట్టండి. విన్న తర్వాత చెవుల్లో గుయ్‌మనే మోత మిగిలితే ఆ స్థాయి మీకు ఎక్కువైనట్టే.

ఫోన్ స్పీకర్‌లో వింటే చాలదా?

చాలదు. ఈ ఆల్బమ్ విషయంలో ఆ తేడా మరీ పెద్దది. ఈ దరువులోని బరువంతా కింది కంపనాల్లో, సుమారుగా 100 హెర్ట్జ్‌కు దిగువన ఉంటుంది. ఫోన్‌లోని బుల్లి స్పీకర్ ఆ భాగాన్ని దాదాపుగా పలకలేదు. దానితో పైన ఉన్న గీర, ఈల, చిటపట మాత్రమే మిగిలి, తల తొలగించిన బొమ్మలా వినిపిస్తుంది. 'దీన్ని బరువైన సంగీతం అంటారేమిటి, పెనం మీద పోపు చిటపటలాడినట్టుంది కదా' అన్న మిత్రుడు ఫోన్‌లోనే విన్నాడని తర్వాత తెలిసింది. ఖరీదైన సామగ్రి అక్కరలేదు. చెవిని పూర్తిగా కప్పే మామూలు హెడ్‌ఫోన్ అయినా, ఒక మోస్తరు బేస్ పలికే స్పీకర్ అయినా చాలు.

ఐదు నిమిషాలకే తలనొప్పి వచ్చి ఆపేశాను. నాది తప్పా?

కాదు. ఒక్క రచన విని ఆపేయండి, మరునాడు అదే మళ్ళీ వినండి. మొదటిసారి మెదడు మొత్తం ధ్వనిని ఒక ముద్దగా తీసుకుంటుంది, అందుకే అలసట. రెండవసారి దరువును ముందే గుర్తుపట్టి దాన్ని పక్కన పెట్టగలుగుతుంది, అప్పుడు మిగిలినవి కనిపించడం మొదలవుతాయి. నాలుగైదుసార్లు విన్నా చిరాకే మిగిలితే వదిలేయవచ్చు. ఇది పరీక్ష కాదు.

## దరువు గురించి

నాయిస్‌లో బీట్ ఉండకూడదని విన్నాను. మరి ఇందులో ఎలా వచ్చింది?

అటువంటి నియమాన్ని ఎవరూ రాసిపెట్టలేదు, అభిమానులు తమకు తామే ఏర్పరచుకున్నారు. 1990లలో మెర్జ్‌బోకు పేరు తెచ్చిన రికార్డులు చాలావరకు దరువు లేని హోరు గోడల్లా ఉండడంతో, అదే స్వచ్ఛమైన నాయిస్ అని, దరువు పెడితే రాజీ పడ్డట్టేనని కొందరు భావించారు. కానీ అకితా జీవితంలో దరువు కొత్తగా వచ్చి చేరినది కాదు. ఆయన మొదట డ్రమ్స్ వాయించే మనిషి. విద్యార్థిగా రాక్ బృందాల్లో డ్రమ్స్ వాయించారు, ప్రోగ్రెసివ్ రాక్‌ను, ఫ్రీ జాజ్‌ను ఇష్టంగా విన్నారు. ఆపైన 1999 ప్రాంతంలో ఆయన పాత అనలాగ్ పెట్టెలను పక్కనపెట్టి ల్యాప్‌టాప్ చేతబట్టారు. ల్యాప్‌టాప్‌లో అన్నింటికంటే తేలికైన పని ఒక ధ్వని తునకను కోసి, తిప్పి తిప్పి వినిపించడం. పాత డ్రమ్మరు చేతికి లూప్ యంత్రం దొరికితే ఏమవుతుందో మెర్జ్‌బీట్ అదే.

నా అభిప్రాయంలో ఇక్కడ దరువు రొదను శ్రోతలకు మింగుడుపడేలా చేయడానికి పూసిన తీపి కాదు. దరువు లేని హోరులో కాలం ఎంత గడిచిందో తెలియదు. ఇందులో ప్రతి దెబ్బా కాలాన్ని గుర్తు చేస్తుంది, కాబట్టి తప్పించుకోవడానికి దారి ఉండదు. కొన్నిసార్లు దరువు లేని రికార్డు కంటే ఇదే కఠినంగా అనిపించడానికి కారణం అదేనని నేను అనుకుంటాను.

ఒకటే ముక్క గుండ్రంగా తిరుగుతోంది. అందులో వినడానికి ఏముంది?

ఈ ప్రశ్నకు జవాబు దొరికితే ఆల్బమ్ తెరుచుకున్నట్టే, అందుకని కొంచెం వివరంగా చెబుతాను.

లూప్ అనేది కంప్యూటర్ కంటే చాలా పాతది. పారిస్ రేడియోలో పనిచేసిన పియర్ షేఫర్ 1948లో రైలు ఇంజన్ల చప్పుళ్ళతో ఒక రచన చేశారు. ఆ రోజుల్లో ఆయన రికార్డు మీది గాడిని లోపలికి సాగనీయకుండా తన తోకను తానే కరిచిన పాములా మూసి, సూది ఒకే చుట్టులో తిరిగేలా చేసేవారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డు మీద అలా మూసిన గాడి ఏ ధ్వనినైనా నిమిషానికి 78 దెబ్బల దరువుగా మార్చేస్తుంది. అందులో ఉన్నది రైలు కూతా, తలుపు చప్పుడా, దగ్గా అన్న తేడా లేదు. షేఫర్ గమనించినది ఏమిటంటే, ఒక చప్పుడును పదే పదే వింటే అది దేని చప్పుడో మరచిపోయి, ఆ చప్పుడు గుణాన్ని వినడం మొదలుపెడతాము.

మెర్జ్‌బీట్‌ను అలా విని చూడండి. మొదటి పది చుట్లలో మీరు దెబ్బను మాత్రమే వింటారు. తర్వాత రెండు దెబ్బల మధ్య సందులో ఏదో గీరుకుపోయినట్టు ఒక చారిక ఉందని తెలుస్తుంది. ఆ చారిక ప్రతి చుట్టులోనూ అదే చోట వస్తుంది. ఇక దాని కోసం ఎదురుచూడడం మొదలవుతుంది. అప్పుడు పైనున్న హోరు మెల్లగా కదిలి ఆ చారికను కప్పేస్తుంది. లూప్ మారలేదు, కానీ మీకు తెలిసిన ఆనవాలు కనబడకుండా పోయింది. కొంతసేపటికి హోరు పక్కకు జరిగితే మళ్ళీ అదే చారిక. ఈ ఆల్బమ్‌లో కథ అంటూ ఉంటే ఇదే. మారనిది కింద, మారేది పైన ఉండి, ఒకటి మరొకదాన్ని వినబడనివ్వకుండా చేస్తూ ఉంటాయి.

దీనికి తాళం వేయవచ్చా? ఎన్ని అక్షరాల తాళం ఇది?

డ్రమ్స్ తునక స్పష్టంగా వినిపించే చోట్ల నాలుగు లెక్క పట్టుకుని చేత్తో తాళం వేయడం కష్టం కాదు. అయితే మన తాళానికీ లూప్‌కూ ఒక మౌలికమైన తేడా ఉంది. ఆది తాళంలో ఎనిమిది అక్షరాల లెక్క ముందుంటుంది, మృదంగం ఆ లెక్క లోపల ఎటు తిరిగినా చివరికి సమానికి వచ్చి కలుస్తుంది. లూప్‌లో కోసిన తునక ఎంత పొడవుంటే అదే ఆవర్తనం, లెక్క తర్వాత పుడుతుంది. తునకను ఒక వెంట్రుకవాసి పొట్టిగా కోస్తే చివరి దెబ్బ పూర్తికాకముందే మొదటి దెబ్బ వచ్చి పడుతుంది, అప్పుడు కుంటుతున్నట్టు ఒక నడక వస్తుంది. అలాంటి చోట అక్షరాలు లెక్కపెట్టడం కంటే చుట్టు ఎక్కడ మొదలైందో పట్టుకోవడమే మేలు.

దరువు మరీ వేగం పెరిగితే ఏమవుతుంది? కొన్ని చోట్ల దెబ్బలు కలిసిపోయి కూతలా వినిపిస్తున్నాయి.

మీ చెవి సరిగ్గానే వింటోంది. సెకనుకు సుమారు 20 కంటే తక్కువసార్లు వచ్చే చప్పుళ్ళను మనం విడివిడి దెబ్బలుగా వింటాము, అంతకు మించితే అవే దెబ్బలు ఒకదానిలో ఒకటి కలిసి శ్రుతిగా మారిపోతాయి. పిల్లలు సైకిల్ చక్రపు ఊచలకు అట్టముక్క తగిలించి తొక్కినప్పుడు టపటప అన్న చప్పుడు వేగం పెరిగేకొద్దీ 'గుర్ర్' అని స్వరం అందుకున్నట్టే ఇదీ. నాయిస్ కళాకారులకు ఈ సరిహద్దు అంటే చాలా ఇష్టం, ఎందుకంటే లయ, స్వరం అని మనం విడివిడిగా చెప్పుకునేవి నిజానికి ఒకే గొలుసులోని రెండు కొసలని అక్కడ చెవికి తెలిసిపోతుంది.

ఇంత బరువుగా ఎందుకు వినిపిస్తుంది? గిటార్లు కూడా లేవు కదా?

బరువు వాద్యంలో లేదు, కంపనాలు పరుచుకున్న తీరులో ఉంది. అడుగున బాగా కింది ధ్వని ఉండడం ఒక కారణం, మన శరీరం పెద్ద వస్తువుల కదలికను ఆ ధ్వనితోనే ముడిపెడుతుంది. డిస్టార్షన్ వల్ల ఆ ధ్వనికి పైన కూడా ఖాళీ లేకుండా కంపనాలు నిండిపోతాయి, కనుక ఒక్క దెబ్బ చెవి వినగలిగిన మేరనంతా ఆక్రమిస్తుంది. నిదానం మూడవది. హెవీ మెటల్ వినేవారికి తెలిసినదే, అదే దెబ్బను నెమ్మదిగా వేస్తే ఇంకా బరువుగా తోస్తుంది. నాలుగవ కారణం ఎవరూ పెద్దగా చెప్పరు గానీ నాకు ముఖ్యమైనదిగా తోస్తుంది. అలసట లేకపోవడం. మనిషి వాయించే డ్రమ్ములో ఏ రెండు దెబ్బలూ అచ్చం ఒకేలా పడవు, చేయి అలసిన గుర్తు ఎక్కడో ఒకచోట వినిపిస్తుంది. లూప్ అలసిపోదు. వందో దెబ్బ మొదటి దెబ్బంత బరువుతోనే పడుతుంది.

దీనికి డాన్స్ చేయవచ్చా?

తల ఊపవచ్చు. అంతకు మించి ప్రయత్నించినవారిని నేను చూడలేదు.

## తయారీ గురించి

ఆయన ఏ వాద్యాలు వాడతారు?

కాలాన్ని బట్టి మారాయి. తొలి దశలో టేపు రికార్డర్లు, తీగలు కట్టిన లోహపు వస్తువులు, వాటికి అతికించిన కాంటాక్ట్ మైకులు ఉండేవి. కాంటాక్ట్ మైకు గాలిలోని ధ్వనిని కాక, తాను అతుక్కున్న వస్తువు కంపనాన్ని పట్టుకుంటుంది, అందుచేత రేకు ముక్క మీద గోటితో గీరినా ఇల్లు కూలినట్టు వినిపించవచ్చు. 1990లలో దానికి గిటార్ పెడళ్ళు (ధ్వనిని మార్చే, కాలితో నొక్కే పెట్టెలు), పాత అనలాగ్ సింథసైజర్లు, ఫీడ్‌బ్యాక్ తోడయ్యాయి. పెళ్ళి పందిట్లో మైకును స్పీకర్ ముందుకు తెస్తే 'కుయ్' అని వినిపించేదే ఫీడ్‌బ్యాక్, దాన్ని అదుపులో పెట్టి వాయించడం ఒక విద్య. మెర్జ్‌బీట్ ల్యాప్‌టాప్ దశలోనిది. 2000ల చివర్లో ఆయన మళ్ళీ అనలాగ్ పరికరాలను, డ్రమ్స్‌ను తెచ్చుకున్నారు.

ల్యాప్‌టాప్‌లో మీటలు నొక్కితే వచ్చేదేగా, ఇందులో నైపుణ్యం ఏముంది?

ఇంట్లో ఒకసారి చేసి చూడండి. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. మిక్సీ తిరిగే చప్పుడో, గేటు వేసిన చప్పుడో ఫోన్‌లో రికార్డు చేసి, అందులో రెండు సెకన్ల తునక కోసి, దాన్ని ముప్పైసార్లు వరసగా అతికించండి. అప్పుడు మొదట ఎదురయ్యేది అతుకు సమస్య. తునక చివరి తరంగం ఒక ఎత్తులో, మొదటి తరంగం మరొక ఎత్తులో ఉంటే ఆ కలయిక దగ్గర 'టిక్' అని ఒక చప్పుడు వస్తుంది. మామూలుగా తరంగం సున్నా గీతను దాటే చోట కోసి దీన్ని తప్పించమంటారు. నేను ఆ టిక్‌ను అలాగే ఉంచి, మొత్తాన్ని ఇరవై డెసిబెల్స్ పెంచి చూశాను. అప్పటివరకు లోపంగా ఉన్న టిక్ ఒక్కసారిగా డ్రమ్ము దెబ్బ అయింది, గేటు చప్పుడు దాని వెనక నీడలా మిగిలింది. దరువు అతుకులోనే ఉందని అప్పుడు తెలిసింది.

అంతవరకు ఎవరైనా చేయగలరు. ఆ తర్వాత పది నిమిషాలపాటు దాన్ని వినదగినదిగా నిలబెట్టడం, ఏది ఎప్పుడు కప్పాలో, ఎప్పుడు తొలగించాలో తెలుసుకోవడం నాకు ఇప్పటికీ చేతకాలేదు.

ఎంపీ3లో వింటే ఏమైనా తేడా ఉంటుందా? ఎలాగూ రొదే కదా?

మామూలు పాట కంటే దీనిలోనే తేడా ఎక్కువ. ఒక గట్టి ధ్వని పక్కన చెవికి వినిపించని చిన్న ధ్వనులను వదిలేయడం ద్వారా ఎంపీ3 ఫైల్‌ను చిన్నది చేస్తుంది. రొదలో అన్ని కంపనాలూ ఒకేసారి, ఏ పద్ధతీ లేకుండా నిండి ఉంటాయి కాబట్టి ఏది వదలాలో తేల్చుకోవడం దానికి కష్టం. తక్కువ బిట్‌రేటులో, అంటే ప్రతి సెకనుకు దాచే సమాచారం తక్కువైనప్పుడు, హోరు నీళ్ళలో మునిగి మాట్లాడినట్టు బుడబుడమంటుంది, పదును పోతుంది. సీడీ గానీ, ధ్వనిలో ఏదీ వదలకుండా కుదించే ఫ్లాక్ ఫైల్ గానీ దొరికితే అదే మంచిది, లేకపోతే 320 కిలోబిట్ల ఎంపీ3 తీసుకోండి. ఫ్లాక్ ఫైల్ మామూలు పాటను దాదాపు సగానికి కుదించగలిగినా, దట్టమైన నాయిస్‌ను అంతగా కుదించలేదు, అందువల్ల ఫైల్ పెద్దదిగా కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు.

## విన్న తర్వాత

అందరూ పల్స్ డెమన్ వినమంటారు. దానికీ దీనికీ తేడా ఏమిటి?

'పల్స్ డెమన్' 1996లో రిలాప్స్ రికార్డ్స్ అనుబంధ సంస్థ రిలీజ్ ఎంటర్‌టైన్‌మెంట్ నుంచి వచ్చింది. అట్ట మీద కళ్ళు తిరిగేలా చేసే గీతల బొమ్మ ఉంటుంది, నిడివి గంటకు పైమాటే. మెటల్ అభిమానుల ద్వారా ప్రపంచమంతా తెలిసిన మెర్జ్‌బో రికార్డు బహుశా అదే. అందులోనూ అదురు ఉంది, కొన్ని చోట్ల 'వడ్రంగిపిట్ట' అన్న రచన పేరుకు తగ్గట్టు టకటకమనే పొడుపులూ ఉన్నాయి. కానీ అవి నిలకడగా ఉండవు, పట్టుకునేలోపే జారిపోతాయి. పల్స్ డెమన్ వరదలో నిలబడినట్టు, మెర్జ్‌బీట్ రోకలి పోటు పక్కన నిలబడినట్టు ఉంటాయి. మొదటిసారి వినేవారికి నేను రెండవదే ఇస్తాను, చెవికి పట్టుకోవడానికి ఒక కొయ్య దొరుకుతుంది.

ఇది నచ్చింది. ఇదే బాటలో తర్వాత ఏమి వినాలి?

అదే ఇంపార్టెంట్ రికార్డ్స్ నుంచి వచ్చిన 'మెర్జ్‌బర్డ్' 2004లో, 'మెర్జ్‌బుద్ధ' 2005లో వెలువడ్డాయి. మొదటిదానిలో దరువు ఇంకా చురుకుగా నడుస్తుంది. రెండవదానిలో దెబ్బల బదులు అడుగున లోతైన గుమ్మనే నాదం అలలుగా తిరుగుతుంది, రాత్రిపూట నెమ్మదిగా వినడానికి నాకు అన్నింటికంటే ఇష్టమైనది అదే. అకితా స్వయంగా డ్రమ్స్ వాయించడం వినాలంటే, జపాన్ పక్షుల పేర్లతో 2009లో మొదలుపెట్టి నెలకొకటి చొప్పున వెలువరించిన పదమూడు ఆల్బమ్‌ల వరుస ఉంది. హంగేరీ డ్రమ్మర్ బలాజ్ పాండితో కలిసి చేసినవాటిలో యంత్రం స్థానంలో అలసిపోయే మనిషి చేయి వినిపిస్తుంది. మెర్జ్‌బో బయట, ఇచిరో త్సుజి 'డిసెక్టింగ్ టేబుల్' పేరుతో చేసిన పనిలో ఇండస్ట్రియల్ దరువు మరింత క్రూరంగా ఉంటుంది.

మెర్జ్‌బో ఆల్బమ్‌లు మొత్తం ఎన్ని? అన్నీ వినాలా?

వందల్లో ఉన్నాయి. 2000లో ఆస్ట్రేలియా సంస్థ ఎక్స్‌ట్రీమ్ విడుదల చేసిన 'మెర్జ్‌బాక్స్' ఒక్కదానిలోనే 50 సీడీలు ఉన్నాయి. అన్నీ వినడం ఎవరికీ అవసరం లేదని నా ఉద్దేశం. పదిహేను ఆల్బమ్‌లు ఒక్కొక్కసారి వినడం కంటే ఒక్క ఆల్బమ్‌ను పదిహేనుసార్లు వినడం వల్లనే ఈ సంగీతం పరిచయమవుతుంది.

పక్షులు, ఏనుగు సీల్ అంటూ ఆల్బమ్‌ల పేర్లు ఏమిటి? ఇంత హింసగా వినిపించే సంగీతానికి జంతు ప్రేమ ఏమిటి?

అకితా జంతువుల హక్కులను గట్టిగా సమర్థిస్తారు, మాంసమే కాక పాల పదార్థాలు కూడా ముట్టని ఆహార నియమం పాటిస్తారు. తిమింగలాల వేటకు నిరసనగా 2006లో 'బ్లడీ సీ' అనే ఆల్బమ్ చేశారు. అదే ఏడాది వచ్చిన 'మినాజో' ఎనోషిమా అక్వేరియంలో ఉండిన ఒక ఏనుగు సీల్ జ్ఞాపకార్థం చేసినది. మినాజో ఆ జంతువు పేరు. బక్కెట్టు పట్టుకుని సందర్శకులకు వినోదం పంచుతూ గడిపిన జంతువు అది. దాని కోసం చేసిన ఆల్బమ్‌లో ఏడుపు రాగం గానీ, సముద్రపు అలల చప్పుడు గానీ వినిపిస్తాయని ఆశించి పెట్టుకుంటే, వినిపించేది మళ్ళీ అదే మొండి రొద.

ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?

వారు అనేది సమంజసమే. ఈ ధ్వనిని తనకుతాను ఎంచుకోనివారికి అది 'సోఒన్' మాత్రమే అవుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకోండి. మా అమ్మ ఒకసారి గుమ్మం దగ్గర నిలబడి రెండు నిమిషాలు విని, "ఏదో మిల్లు నడుస్తోందిరా, కానీ పిండి మాత్రం పడటం లేదు" అని వెళ్ళిపోయింది.